గిటార్ యాంప్ పెట్టెకు చెక్క జాయింట్లు కోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు చర్చి బ్యాండుల్లో, కాలేజీ ఫంక్షన్లలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. స్పీకరు కొరియర్‌లో వచ్చేస్తుంది, యాంప్ బోర్డు కూడా వచ్చేస్తుంది. పెట్టె దగ్గరకు వచ్చేసరికి రవాణా ఖర్చు చూసి గుండె గుభేలుమంటుంది. అందుకని పెట్టె ఇంట్లోనే కట్టుకుందామనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలివి. లెక్కలన్నీ 12 అంగుళాల స్పీకరు ఒకటి పట్టే పెట్టెకు వేసినవి.

నాలుగు పలకలు ఆనించి మేకులు కొట్టేస్తే పెట్టె అవదా? జాయింట్ల గోల ఎందుకు?

అవుతుంది. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది కూడా. కానీ బట్టలు దాచుకునే పెట్టెకు లేని బాధలు దీనికి రెండున్నాయి.

ఒకటి, లోపలి స్పీకరు గంటల తరబడి దాన్ని కుదుపుతూనే ఉంటుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఆ కంపనమంతా పలకల్లోకి పాకుతుంది. మేకు చుట్టూ చెక్క కొద్దికొద్దిగా నలిగి, బెజ్జం వదులై, ఏదో ఒక రోజు ఒక స్వరం దగ్గర మాత్రం పెట్టె జుయ్యిమంటుంది. అది ఎక్కణ్ణించి వస్తోందో వెతకడం పెద్ద టెన్షన్.

రెండోది బరువు. పిడి పై పలకకే బిగిస్తాం. పట్టుకుని లేపినప్పుడు కింద ఉన్న బరువంతా పై పలకకూ పక్క పలకలకూ మధ్యనున్న జాయింట్ల మీదే వేలాడుతుంది. 18 మి.మీ. ప్లైతో చేస్తే నాలుగు పలకలే దాదాపు ఐదున్నర కిలోలు. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి స్పీకరు 4.7 కిలోలు. యాంప్ కూడా అదే పెట్టెలో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ల బరువు అదనం. దీన్ని ఆటోలో ఎక్కించి, దించి, స్టేజీ మెట్ల మీద ఈడ్చుకెళ్ళే మనుషులం మనం.

ఇంకో చిన్న సంగతి. తర్వాత అంచులు గుండ్రంగా తియ్యాలి. ఆ అంచులో మేకు గానీ స్క్రూ గానీ ఉంటే రౌటర్ (గిర్రున తిరిగే బిట్‌తో చెక్క కోసే మెషిన్) బిట్ దానికి తగిలి పాడవుతుంది, ఒక్కోసారి ముక్క ఎగిరొస్తుంది.

ఫింగర్ జాయింట్ వెయ్యాలా, డవ్‌టైల్ వెయ్యాలా?

రెండు పలకల చివర్లలో ఒకే వెడల్పు పళ్ళూ గాడులూ కోసి ఒకదానిలో ఒకటి దూర్చేది ఫింగర్ జాయింట్. ఆ పళ్ళు కొసకు వెడల్పయ్యే తోకల్లా ఉంటే డవ్‌టైల్. ప్లైవుడ్ అయితే ఫింగర్ జాయింటే, ఆలోచన అక్కర్లేదు. గట్టి పలక (ప్లైలాగా పొరలు లేని అసలు చెక్క) అయితే రెండూ పనికొస్తాయి. అప్పుడు కూడా నా ఓటు ఫింగర్ జాయింట్‌కే.

1950ల్లో అమెరికాలో ఫెండర్ కంపెనీ ట్వీడ్ గుడ్డ అంటించిన యాంపులకు పైన్ పలకలతో, ఫింగర్ జాయింట్లతో పెట్టెలు చేసింది. 1962లో లండన్‌లో యాంపులు మొదలుపెట్టిన మార్షల్ పెట్టెలు బర్చ్ ప్లైతో, అదే జాయింట్‌తో వచ్చాయి. ఒకే కొలత పళ్ళను మెషిన్ గబగబా కోసేస్తుంది, జిగురు పట్టే చోటూ ఎక్కువ. ఫ్యాక్టరీకి అంతకంటే ఏం కావాలి?

ఆ జిగురు చోటు ఎంతో లెక్క వేసి చూడండి. పెట్టె లోతు 252 మి.మీ., పలక మందం 18 మి.మీ. అనుకుందాం. ఉత్తినే ఆనించి అంటిస్తే ఒక మూలకు 252 × 18, అంటే 4,536 చదరపు మి.మీ. అందులోనూ చెక్క కొసలు జిగురును పీల్చేసుకుంటాయి, పట్టు తక్కువ. అదే 12 మి.మీ. పళ్ళు కోస్తే 21 పళ్ళూ గాడులూ వస్తాయి, వాటి మధ్య 20 ముఖాలు. ఒక్కో ముఖం 18 × 18. మొత్తం 6,480 చదరపు మి.మీ. పైగా ఇక్కడ చెక్క పక్కకు చెక్క పక్క అతుక్కుంటుంది. జిగురు అసలు బలం చూపించేది అలాంటి చోటే.

డవ్‌టైల్ ప్రత్యేకత ఏమిటంటే జిగురు లేకపోయినా ఒక దిక్కుకు లాగితే ఊడదు. మెత్తటి చెక్కకు 6కి 1, గట్టి చెక్కకు 8కి 1 వాలుతో కోస్తారు. వెయ్యాలనుకుంటే తోకలు పక్క పలకలకు రావాలి, పై పలకకు కాదు. అప్పుడే పిడి పట్టి లేపినప్పుడు పక్క పలకలు కిందికి జారిపోకుండా తోకలు పట్టి ఉంచుతాయి. తిప్పి వేస్తే ఆ శ్రమంతా అలంకారమే. ప్లైలో మాత్రం వద్దు. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం ఉండే ప్లైలో వాలుగా కోసిన తోక మూలలు చిట్లిపోతాయి. ఎలాగూ పైన రెగ్జిన్ వేసేస్తాం, చూసేవాళ్ళెవరు?

ఇవేవీ రావు. తేలికైన జాయింట్ చెప్పండి.

మెట్టు కోత. పక్క పలక చివర సగం మందం, అంటే 9 మి.మీ. లోతు, 18 మి.మీ. వెడల్పు మెట్టు తీసి, రెండో పలకను అందులో కూర్చోబెట్టి అంటించడం. లోపలి మూలలో 25 మి.మీ. చదరపు పట్టీ మూల పొడవునా అంటిస్తే సాధన చేసుకునే పెట్టెకు ఏళ్ళ తరబడి సరిపోతుంది. ఊళ్ళు తిరిగే పెట్టెకు మాత్రం ఫింగర్ జాయింట్ నేర్చుకోండి. 45 డిగ్రీల మూల కోత చూడ్డానికి బాగుంటుంది గానీ కొసకు కొస అంటించడమే కాబట్టి బలం తక్కువ.

ఏ చెక్క కొనాలి?

మొదటి పెట్టెకు 18 మి.మీ. ప్లై కొనండి. కమర్షియల్ ప్లై, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి తట్టుకునేది), మెరైన్ అని షాపులో రకాలు చెప్తారు. మామూలు ప్లైకి ఐఎస్ 303, మెరైన్‌కి ఐఎస్ 710 ముద్ర ఉంటుంది. మనకు నీళ్ళలో నానే పెట్టె అక్కర్లేదు, కాబట్టి మెరైనే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. ముద్ర కంటే ముఖ్యం షీటు అంచు. షీటును నిలబెట్టించి నాలుగు అంచులూ చూడండి. పొరల మధ్య ఖాళీలుంటే ఆ షీటు వద్దు. ఫింగర్ జాయింట్‌లో ప్రతి పన్నూ లోపలి పొరలను బయటపెడుతుంది. ఖాళీ ఉన్న చోట పన్ను విరుగుతుంది. పలక మధ్యలో ఖాళీ ఉంటే స్పీకరు మోగినప్పుడు అక్కడ పొర కొట్టుకుని చప్పుడొస్తుంది. వేలి కణుపుతో షీటంతా తట్టుకుంటూ పోతే బోలుగా పలికే చోటు తెలిసిపోతుంది. షాపాయన వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

18 మి.మీ. బాల్టిక్ బర్చ్ ప్లైలో 13 పొరలుంటాయి, ఖాళీలు అరుదు. దొరికితే చాలా మంచిది. కానీ ఇక్కడి ధరకు ఒక స్పీకరు పెట్టె కోసం తెప్పించడం నాకైతే దండగ అనిపిస్తుంది.

గట్టి పలకల్లో పైన్ తేలిక, కోతకు సుఖం. విశాఖ వైపు పాత సామాను అమ్మే చోట దిగుమతి సరుకు ప్యాలెట్ల (సరుకు కింద పెట్టే చెక్క చట్రాల) పైన్ దొరుకుతుంది. ముద్ర చూసి తీసుకోండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది, దాన్ని ఇంటికి తేవద్దు. పలకలు సన్నవి కాబట్టి పక్కపక్కన అంటించి వెడల్పు చేసుకోవాలి. విరిగిన మేకులు చెక్కలో దాక్కుని ఉంటాయి, రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడమండి.

టేకు బాగుంటుంది. కానీ అందులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అంటించే ముందు పళ్ళను థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. మామిడి చవక, కానీ పురుగు త్వరగా పడుతుంది, మందు పట్టించిన పలక అయితేనే తీసుకోండి. వేప బరువు, దాని రేఖలు అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు పెళ్ళలు లేస్తాయి. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) బరువెక్కువ, పళ్ళు పెళుసు, తేమ తగిలితే ఉబ్బుతుంది. ఫింగర్ జాయింట్‌కి పనికిరాదు.

బొబ్బిలి వీణకు పనస వాడతారు కదా, యాంప్ పెట్టెకు వాడొచ్చా?

వాడొచ్చు. పనస తేలిగ్గా, ఉలికి అనువుగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకు పనస, జీడి, కొబ్బరి చెట్లు విపరీతంగా కూలాయి. అప్పటి పనస దుంగను పలకలు కోయించి దాచుకున్నవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే ఈపాటికి ఆ చెక్క బాగా ఆరి ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి.

కానీ వీణ పోలిక ఇక్కడ కుదరదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణను ఒకే దుంగలోంచి తొలుస్తారు. అక్కడ చెక్క పలకాలి. గిటార్ యాంప్ పెట్టెలో శబ్దం స్పీకరుది. పెట్టె దానికి అడ్డం రాకుండా, తను వేరేగా మోత పెట్టకుండా ఉంటే చాలు. చెక్క మారిస్తే టోన్ కొంచెం మారుతుందేమో గానీ స్పీకరు మార్చితే, పెట్టె సైజు మార్చితే, వెనక మూసినా తెరిచినా వచ్చే తేడా ముందు అది లెక్కలోకి రాదని నా అభిప్రాయం. ఈ మాట మీద నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొలతలు చెప్పండి. షీటు ఎలా కోయించాలి?

బయటి కొలత 510 వెడల్పు, 460 ఎత్తు, 252 లోతు, అన్నీ మి.మీ. ఫింగర్ జాయింట్‌లో పళ్ళు మూల చివరి దాకా వస్తాయి కాబట్టి పలక పొడవు బయటి కొలతే. ఉత్త ఆనింపు జాయింట్‌లోలాగా మందం తీసేయకూడదు. చాలామంది అలవాటుగా తీసేసి పెట్టె చిన్నది చేసుకుంటారు. మనకు కావలసినవి 510 పలకలు రెండు, 460 పలకలు రెండు. ఒక్కోదానికి పొడవులో ఒక మి.మీ. ఎక్కువ ఉంచండి.

8 × 4 షీటు అంటే 2440 × 1220. పొడవు వైపుగా 255 మి.మీ. పట్టీ కోయిస్తే ఆ ఒక్క పట్టీలోనే నాలుగు పలకలూ వచ్చేస్తాయి. రంపం మందం పోను అరమీటరుకు కాస్త తక్కువ ముక్క మిగులుతుంది. ఆ ముక్కను పారేయొద్దు, ట్రయల్ కోతలకు అదే కావాలి. మిగతా షీటులో స్పీకరు పలక, వెనక పలక, పట్టీలు వస్తాయి. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక షీటు కొనుక్కుంటే ఇద్దరికీ సరిపోతుంది.

252 కావాలంటే 255 ఎందుకంటే, పళ్ళు కోసుకుంటూ పోయాక చివరి పన్ను పూర్తిగా వచ్చిన చోట పలకను చీల్చి వెడల్పు సరిచేసుకోవడానికి. ముందే కచ్చితంగా 252 కోయిస్తే చివరి పన్ను సన్నంగానో లావుగానో మిగిలి ఏడిపిస్తుంది.

షీటు మీద 18 అని రాసి ఉంది. 18 అనుకుని కోసేయొచ్చా?

వద్దు. 18 అని అమ్మే ప్లై కొలిస్తే 17.4 రావచ్చు, 18.3 రావచ్చు. ఒకే షీటులో రెండు చివర్లకు తేడా ఉండొచ్చు. వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. అది లేకపోతే రెండో పలకను మొదటి పలక చివర మీద నిలబెట్టి బ్లేడుతో గీత గీయండి. పళ్ళ లోతుకు అదే గీత. కోసే పని మొత్తానికీ ఇదే పద్ధతి: చేతిలో ఉన్న ముక్కే కొలత, అంకె కాదు. టేపు ఎంత తక్కువ వాడితే జాయింట్ అంత బాగా కుదురుతుంది.

పన్ను వెడల్పు ఎంత ఉండాలి?

18 మి.మీ. పలకకు 12. సన్నం చేస్తే జిగురు చోటు పెరుగుతుంది. 6 మి.మీ. పళ్ళయితే దాదాపు రెట్టింపు. కానీ మన ప్లైలో 6 మి.మీ. పన్ను చేతిలోనే విరుగుతుంది. 12 పెడితే 252లో 21 వస్తాయి, బేసి సంఖ్య. ఒక పలకకు రెండు అంచుల్లోనూ పన్ను, రెండో పలకకు రెండు అంచుల్లోనూ గాడి. ముందూ వెనకా ఒకేలా కనబడుతుంది, ఏ పలక ఎటు తిప్పాలన్న తికమక ఉండదు.

రౌటర్ లేదు. చేత్తో కోయగలనా?

కోయగలరు, ఓపికుంటే. పైన్, పనస లాంటి గట్టి పలకలకు చేతి కోత హాయి. ప్లైలో జిగురు పొరలు ఉలి పదునును త్వరగా తినేస్తాయి, సానరాయి పక్కనే పెట్టుకోవాలి.

వెనక ఇనప పట్టీ ఉన్న సన్న పళ్ళ రంపం, ఉలి, మూలమట్టం, బ్లేడు, కొయ్య సుత్తి, సన్న తీగ రంపం. ఇవి చాలు. ఉలి 12 వద్దు, 10 తీసుకోండి. 12 గాడిలో 12 ఉలి ఇరుక్కుని గోడలను నలిపేస్తుంది.

మొదటి పలక మీద పళ్ళు గీసేటప్పుడు ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకు కొలుచుకుంటూ పోవద్దు. ఒక్కోసారి పదో వంతు మి.మీ. తేడా వచ్చినా 20 పళ్ళకు 2 మి.మీ. అవుతుంది. కొలతలన్నీ ఒకే అంచు నుంచి పెట్టండి. పెన్సిలు గీత కంటే బ్లేడు గీత మేలు, రంపం దానిలో కూర్చుంటుంది, పై పొర చిట్లదు. తీసేయాల్సిన భాగం మీద ఇంటూ గుర్తు పెట్టండి. రంపం ఎప్పుడూ ఇంటూ ఉన్న వైపే నడవాలి, గీత పన్నుతోనే మిగలాలి. మధ్య ముక్కను తీగ రంపంతో తీసి, మిగిలిన కొంచెం ఉలితో సగం ఇటు నుంచి, సగం అటు నుంచి చెక్కండి. ఒకే వైపు నుంచి కొడితే అవతల పెళ్ళ లేచిపోతుంది.

రెండో పలకను కొలవనే వద్దు. కోసిన మొదటి పలకను దాని చివర మీద ఆనించి, పళ్ళ చుట్టూ బ్లేడుతో గీయండి. మొదటిదానిలో ఏ వంకర ఉన్నా రెండోదానిలో అదే వంకర వస్తుంది, రెండూ కలుస్తాయి. మూలలకు 1, 2, 3, 4 అని అంకెలు వేసుకోండి. ఒకటో మూల పలక మూడో మూలకు సరిపోదు.

రౌటర్ ఉంది. జిగ్ ఎలా చేసుకోవాలి?

జిగ్ అంటే ప్రతి కోతా ఒకే కొలతకు పడేలా చూసే అమరిక. రౌటర్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించి, 12 మి.మీ. స్ట్రెయిట్ బిట్ పైకి రావాలి. దాని మీద జరిగే నిలువు పలక ఒకటి కావాలి. ఆ పలకలో బిట్‌తోనే ఒక గాడి కోసి, ఆ గాడిలో బిగుతుగా కూర్చునే 12 మి.మీ. గట్టి చెక్క ముక్కను అంటించండి. ఇదే తాళం. తర్వాత పలకను పక్కకు జరిపి, తాళానికీ బిట్‌కీ మధ్య కచ్చితంగా 12 మి.మీ. ఖాళీ వచ్చేలా బిగించాలి. ఆ ఖాళీ ఎంతో పన్ను అంత.

మొదటి పలక అంచును తాళానికి ఆనించి కోయండి. వచ్చిన గాడిని తాళం మీదకు ఎక్కించి మళ్ళీ కోయండి. అలా చివరిదాకా. రెండో పలక గాడితో మొదలవ్వాలి. దానికి మొదటి పలక మొదటి పన్నునే తాళానికీ రెండో పలకకూ మధ్య అడ్డంగా వాడితే సరిగ్గా ఒక పన్ను జరుగుతుంది. పక్క పలకలు రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టి ఒకేసారి కోయొచ్చు.

బిట్ ఎత్తు, ఎదుటి పలక మందం కంటే అర మి.మీ. ఎక్కువ. పళ్ళ కొసలు ఆ అర మి.మీ. బయటికి పొడుచుకొస్తాయి, తర్వాత గీకి సమం చేస్తాం. తక్కువ కోస్తే పలక మొత్తాన్ని అరగదీయాల్సి వస్తుంది. చిన్న ట్రిమ్మర్ మెషిన్ అయితే 18 లోతు ఒకేసారి కోయకండి, మూడు విడతల్లో బిట్ పైకి లేపుకుంటూ కోయండి. కళ్ళద్దాలు, మాస్క్ తప్పనిసరి, ప్లై దుమ్ములో జిగురు కూడా ఉంటుంది. కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు స్విచ్ వేసే ఉంటే మెషిన్ దానంతట అదే తిరుగుతుంది. కరెంటు పోగానే ప్లగ్ పీకేయండి.

జాయింట్ దూరడం లేదు. సుత్తితో కొట్టనా?

కొయ్య సుత్తితో నాలుగు చిన్న దెబ్బలకు దూరాలి. గట్టిగా కొట్టాల్సి వస్తే అది బిగుతు ఎక్కువ. ఫెవికాల్‌లో నీళ్ళుంటాయి, రాయగానే పళ్ళు ఉబ్బుతాయి. జిగురు లేకుండా కష్టంగా దూరేది జిగురుతో సగంలో ఆగిపోతుంది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. తాళాన్ని బిట్‌కు వెంట్రుకవాసి దగ్గరికి జరిపితే పళ్ళు సన్నబడతాయి. వదులుగా ఉంటే దూరం జరపాలి. ఈ సర్దుబాటంతా మిగిలిన ట్రయల్ ముక్క మీదే చెయ్యాలి.

అసలు పలకలు కోసేశాక వదులని తేలితే? సన్న ఖాళీలను రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చడం మన మేస్త్రీల అలవాటు. రెగ్జిన్ కింద కనబడకుండా ఉండటానికి అది చాలు, బలానికి చాలదు. బలం కావాలంటే అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు వాడండి, అది ఖాళీని నింపి గట్టిపడుతుంది.

కోసిన చోట పై పొర పెళ్ళలు లేస్తోంది.

బిట్ బయటికి వచ్చే వైపు ఆసరా లేక. పలక వెనక ఒక పనికిరాని ముక్కను ఆనించి రెండూ కలిపి కోయండి, లోతు గీత వెంబడి ముందే బ్లేడుతో పై పొర తెంపండి. అయినా లేస్తుంటే బిట్ మొద్దుబారింది, మార్చండి.

జిగురు ఏది? ఎంతసేపు ఆరాలి?

మామూలు తెల్ల ఫెవికాల్ చాలు. సముద్రం దగ్గర, భావనపాడు, కళింగపట్నం వైపు ఉండేవాళ్ళు తేమకు తట్టుకునే మెరైన్ రకం వాడితే మంచిది. అక్కడ స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి, మామూలువి తుప్పు పట్టి రెగ్జిన్ మీద మరకలేస్తాయి.

నాలుగు మూలలు, మూలకు 20 ముఖాలు, మొత్తం 80. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని రాస్తే ఎనభయ్యోది రాసేసరికి మొదటిది తొక్క కట్టేస్తుంది. పొద్దున్నే చెయ్యండి, ఫ్యాను ఆపండి, రెండో మనిషిని పిలవండి. ముందు జిగురు లేకుండా పెట్టె మొత్తం ఒకసారి బిగించి చూసుకోవడం మాత్రం మానొద్దు.

పెద్ద క్లాంపులు లేకపోతే పెట్టె చుట్టూ తాడు రెండు చుట్లు వేసి, మధ్యలో కర్ర దూర్చి మెలి తిప్పండి. పళ్ళ కొసలు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి తాడు కింద పెట్టే చెక్క ముక్కలు పళ్ళ మీద కాకుండా వాటి పక్కన ఉండాలి. వెంటనే రెండు మూలల నుంచి మూలలకు ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే పెట్టె సరిగా ఉంది, తేడా ఉంటే పొడుగున్న వైపు నొక్కండి. రాత్రంతా వదిలేయండి.

వానాకాలంలో చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, ఒకే జాగ్రత్త. కోసిన పళ్ళను వారం రోజులు అలా వదిలేయకండి. కోసిన రోజే అంటించండి. తెరిచి ఉన్న కొసలు తేమ పీల్చి ఉబ్బి, నిన్న దూరిన జాయింట్ ఈ రోజు దూరదు. గట్టి పలకలు కొని తెచ్చాక మధ్యలో పుల్లలు పెట్టి ఇంట్లో రెండు మూడు వారాలు ఆరనివ్వండి. అడితిలో తడిసిన పలక అయితే అసలే వద్దు.

మా మేస్త్రీకి చెప్తే చేస్తాడా?

చేస్తాడు, మీరు అడగడం తెలిస్తే. ఇప్పటి మేస్త్రీలు ఎక్కువగా ప్లై, మైకా పనులకు అలవాటు పడ్డారు. స్క్రూ, ఫెవికాల్, మైకా. అందుకే "స్పీకరు పెట్టెకి ఇంత పనేటి బాబూ, మైకా ఏసేస్తే కనబడదు కదా" అంటారు. ద్వారబంధాలకు కుసులు కోసిన పాత మేస్త్రీ దొరికితే ఆయనకు ఇది చిటికెలో పని. బొమ్మ గీసి చూపించడం కంటే మీరే ఒక మూల కోసి తీసుకెళ్ళండి, వంకరగా ఉన్నా ఫర్వాలేదు. "మేస్త్రీ గారూ, నాలుగు మూలలూ ఇలాగే కావాలండి, మేకు ఒక్కటి కూడా వద్దు, మూలలు తర్వాత గుండ్రంగా తీస్తాను" అని చెప్పండి. కారణం చెప్తే మేకు కొట్టరు, చెప్పకపోతే మీ మేలు కోరే రెండు కొడతారు. కూలి రోజు లెక్కన కాకుండా పెట్టె లెక్కన మాట్లాడుకోండి.

స్పీకరు బిగించే పలకను కూడా జాయింట్‌లోనే కలపాలా?

అక్కర్లేదు. పెట్టె లోపల చుట్టూ పట్టీలు అంటించి, స్పీకరు పలకను వాటికి స్క్రూలతో బిగిస్తే రేపు వేరే స్పీకరుకు మార్చుకోవచ్చు. లోపలి కొలత 474 × 424 వస్తుంది. గుడ్డ, రెగ్జిన్ మడతలకు చోటు కావాలి కాబట్టి పలకను 470 × 420 కోయండి. సెలెస్టియన్ 12 అంగుళాల స్పీకర్లకు రంధ్రం 283 మి.మీ., బోల్టుల వృత్తం 297 మి.మీ. వేరే కంపెనీ అయితే దాని కాగితం చూడండి.

రెగ్జిన్, ముందు గుడ్డ ఎక్కడ దొరుకుతాయి?

ఆటో సీట్లు, సోఫాలు కుట్టే షాపుల్లో రెగ్జిన్ మీటరు లెక్కన ఇస్తారు, వాళ్ళు వాడే రబ్బరు జిగురు కూడా అక్కడే అడగండి. అంటించే ముందు జాయింట్ పూర్తిగా ఆరాలి. తడి ఉండగా గీకి సమం చేస్తే, ఆరాక పళ్ళు కుంగి రెగ్జిన్ మీద మెట్లు మెట్లుగా గీతలు కనబడతాయి. వారం ఆగి గీకండి, తర్వాత 12 మి.మీ. గుండ్రపు బిట్‌తో అంచులు తియ్యండి.

ముందు గుడ్డకు దూరంగా నేసిన గోనె గుడ్డ చక్కగా పనిచేస్తుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న జిల్లాలో దానికోసం ఆన్‌లైన్‌లో వెతకడం ఏమిటి? నోటికి ఆనించి ఊదితే గాలి సులువుగా అవతలికి పోవాలి. పొందూరు ఖద్దరు వెయ్యొచ్చా అని అడుగుతారు. సన్న నూలుతో దగ్గరగా నేసిన బట్ట అది, చొక్కా కుట్టించుకోండి.

అన్నీ అయ్యాయి. కానీ ఏదో స్వరం దగ్గర జుయ్యిమంటోంది.

వెంటనే జాయింట్‌ను అనుమానించకండి. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి యాంప్‌లోకి ఇచ్చి, 80 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి తీసుకెళ్ళండి. చప్పుడు వచ్చిన చోట ఆపి, ఒక్కో భాగాన్ని చేత్తో గట్టిగా నొక్కుతూ పోండి. నొక్కగానే ఆగితే దొంగ దొరికినట్టే. చాలాసార్లు అది పిడి వాషరో, వెనక పలక స్క్రూనో, లోపల పలకకు కొట్టుకుంటున్న స్పీకరు తీగో అవుతుంది. మూలను నొక్కితే ఆగితే మాత్రం జాయింటే. లోపలి వైపు నుంచి సన్న సిరంజితో నీళ్ళు కొంచెం కలిపిన ఫెవికాల్ ఎక్కించి, తాడు మెలి వేసి, ఆ మూలలో ఒక పట్టీ అంటించండి.

వాల్వ్ యాంప్‌ను (గాజు గొట్టాలతో పనిచేసే యాంప్‌ను) కూడా అదే పెట్టెలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఎత్తు ఇంకో 80 నుంచి 100 మి.మీ. పెంచి. వాల్వుల వేడి పోవడానికి వెనక పైభాగం తెరిచి ఉంచాలి. పిడిని స్క్రూలతో కాక, పై పలక గుండా వచ్చే బోల్టులతో, లోపల వెడల్పు వాషర్లతో బిగించాలి. వాల్వ్ యాంప్‌లో 300 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలిచి ఉంటుంది. కాబట్టి చెక్క పనంతా, ఆఖరి స్క్రూ బెజ్జంతో సహా, యాంప్ బయట ఉండగానే పూర్తి చేసి, లోపల బిగించే పని ఆ విద్య తెలిసిన మనిషికి అప్పగించండి.